విపశ్యన శిబిరానికి ముందు ఇంట్లో ఎలా సాధన చేయాలి?

ధ్యానంలో అనుభవమున్నవారి సలహా కోరుతున్నాను. హైదరాబాద్ వనస్థలిపురం దగ్గరి ధమ్మఖేత్త ధ్యాన కేంద్రంలో 10 రోజుల విపశ్యన (శరీరంలోని అనుభూతులను ఉన్నవి ఉన్నట్టుగా గమనించే ధ్యానం) శిబిరానికి వెళ్లాలని ఉంది. అక్కడ మొదటి మూడు రోజులు ఆనాపానసతి, అంటే సహజంగా వచ్చిపోయే శ్వాసను ముక్కుపుటాల దగ్గర గమనించడమే నేర్పుతారని తెలుసుకున్నాను. ఇంట్లో తెల్లవారుజామున కూర్చుంటే, గాలి చల్లగా లోపలికి వెళ్లి వెచ్చగా బయటికి రావడం కాసేపు స్పష్టంగా తెలుస్తుంది గానీ, అంతలోనే శ్వాసను నేనే బలవంతంగా నడిపించడం మొదలై ఛాతీ బిగుసుకుపోతుంది. శ్వాసను మార్చకుండా ఊరకే గమనించడం మీకెలా అలవడింది? మోకాళ్ల నొప్పి వల్ల పద్మాసనం నాకు సాధ్యం కాదు కాబట్టి, శిబిరంలో కుర్చీ అడగవచ్చా? అసలు ముందుగా ఇంట్లో కొంత సాధన చేసి వెళ్లడం మంచిదా, లేక అక్కడి పద్ధతిలోనే మొదలుపెట్టడం మేలా? నాకు మొదటిదే సరైనదనిపిస్తోంది. కాదంటే కారణం కూడా దయచేసి వివరించగలరు.