పాత డ్రిల్లు చక్కు ఊడి రావడం లేదు, లోపలి స్క్రూ తల కూడా అరగదీశాను

బైరాగిపట్టెడ మెష్‌డోర్, తిరుపతి:

అన్నలూ, నేను ఇళ్ళకి దోమల మెష్ డోర్లు, కర్టెన్ రాడ్లు బిగిస్తాను. నా దగ్గర ఉన్నది తొమ్మిదేళ్ళ నాటి 18 వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్లు. మోటారు బంగారం. బిట్టుని పట్టి ఉంచే ముందరి చక్కే కిందటి నవంబరు వానల్లో పాడైంది. బండి డిక్కీలో పెట్టి రెండు రోజులు మర్చిపోయాను, తీసి చూస్తే తుప్పు. ఇప్పుడు మూడు పళ్ళలో ఒకటి వెనకబడుతోంది, గోడకి 6 ఎంఎం బిట్టు పెడితే కోడిగుడ్డు ఆకారంలో బొక్క పడుతోంది. మొన్న ఒక ఇంటావిడ చూసి "ఏం నాయనా, చెయ్యి వణుకుతోందా?" అని అడిగింది. వణికేది చెయ్యి కాదమ్మా అని చెప్పలేక నవ్వి ఊరుకున్నా.

గాంధీ రోడ్డులో కొత్త చక్కు తెచ్చాను. పాతదాని పళ్ళు పూర్తిగా తెరిచి టార్చి వేస్తే అడుగున ఒక స్టార్ స్క్రూ కనిపించింది. ఎడమవైపు తిప్పా, రాలేదు. స్క్రూడ్రైవర్‌కి కటింగ్ ప్లేయర్ పట్టించి ఇంకా గట్టిగా తిప్పా. కరకరమని గాడి అరిగిపోయింది. పైపు రెంచి వేసి చక్కు తిప్పితే డ్రిల్లు మొత్తం చేతిలో తిరుగుతోంది. బాడీని వైసులో బిగించి సుత్తితో నాలుగు తగిలిద్దామా? శుక్రవారం తిరుచానూరు దగ్గర లాడ్జిలో 22 కిటికీలు ఒప్పుకున్నా, టెన్షన్‌గా ఉంది.

గుజ్జు ఫ్యాక్టరీ ఫిట్టర్, చిత్తూరు:

ఆగు తమ్ముడూ, వైసు జోలికి పోవద్దు. బాడీ ప్లాస్టిక్, పగిలితే ఆ బంగారం మోటారు కూడా తూకానికే. ముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టు.

నువ్వు ఆ స్క్రూని విప్పలేదు, ఇంకా బిగించావు. అది రివర్స్ థ్రెడ్డు. సైకిల్ ఎడమ పెడల్ ఎప్పుడైనా విప్పావా? అదే లెక్క, కుడివైపు తిప్పితేనే వదులుతుంది. చక్కుది మామూలు మర. డ్రిల్లుని రివర్స్‌లో వాడేటప్పుడు చక్కు తనంతట తాను ఊడిపోవాలని చూస్తుంది. అప్పుడు అదే తిప్పుడికి లోపలి స్క్రూ ఇంకా బిగుసుకునేలా ఎదురు మర పెట్టారు. అందుకే స్క్రూ తీయకుండా చక్కు మీద ఎంత బలం చూపించినా దండగ.

తల అరిగినా భయం లేదు. ఇంకో డ్రిల్లు దొరికితే 5 ఎంఎం బిట్టు పెట్టి స్క్రూ తల నడిమధ్యలో నిదానంగా దించు. బిట్టు తిరిగేది కుడివైపే, స్క్రూ వదిలేది కూడా కుడివైపే. బిట్టు కరుచుకుందంటే అదే విప్పుకుని వచ్చేస్తుంది. రాకపోతే తల తెగిపోతుంది, అదీ మంచిదే. చక్కు తీశాక మిగిలిన ముక్కని ప్లేయర్‌తో తిప్పి తీయొచ్చు.

తరవాత చక్కు. గేరు 1లో పెట్టి, నంబర్ల రింగుని డ్రిల్లు బొమ్మ మీదికి తిప్పు. 10 ఎంఎం ఎల్లెన్ కీ (L ఆకారంలో వంచిన ఆరు పలకల కడ్డీ) పొట్టి కాలు చక్కులో బిగించు. చక్కు నీ ముఖం వైపు ఉండాలి, కీ పొడుగు కాలు నీ ఎడమ చేతి వైపుకి రావాలి. దాని చివర పైనుంచి కిందికి సుత్తితో టక్కున ఒక దెబ్బ. నొక్కొద్దు, కొట్టు. మెల్లగా నొక్కితే లోపల గేర్లు కూడా కదిలి బలమంతా మింగేస్తాయి, దెబ్బకైతే వాటికి కదిలే టైము ఉండదు.

కొత్త చక్కు వెనక నంబరు చూశావా? అది మర కొలత, 1/2-20 అని ఒకటి, 3/8-24 అని ఇంకొకటి వస్తాయి. ఒకదానికి తెచ్చింది ఇంకొకదానికి ఎక్కదు.

రేణిగుంట వైండింగ్ షాపు:

ఫిట్టరన్న చెప్పింది కరెక్టే. ఒకటి కలుపుతా. ఆ స్క్రూకి కంపెనీలోనే మర జిగురు పూసి బిగిస్తారు. సాల్డరింగ్ ఐరన్ మొన స్క్రూ తల మీద నాలుగైదు నిమిషాలు ఆనించి ఉంచితే జిగురు మెత్తబడుతుంది. హీట్ గన్ వద్దు, ముందున్న ప్లాస్టిక్ వంగిపోతుంది.

సుత్తి కూడా అక్కర్లేదు. ఎల్లెన్ కీ బిగించి, కీ చెక్క బల్లకి తగిలేలా పెట్టి రివర్స్‌లో ట్రిగ్గర్ నొక్కితే అదే ఊడుతుంది.

గుజ్జు ఫ్యాక్టరీ ఫిట్టర్, చిత్తూరు:

సాల్డరింగ్ ఐరన్ మంచి మాట, నాకు తట్టలేదు. ట్రిగ్గర్ పద్ధతి మాత్రం నేను ఎవరికీ చెప్పను. మా దగ్గర ఒక కుర్రాడు అట్లాగే చేశాడు. కీ బల్లకి తగిలి ఆగింది, డ్రిల్లు ఆగలేదు. మణికట్టు బెణికి మామిడి సీజన్‌లో పది రోజులు ఇంట్లో కూర్చున్నాడు.

బైరాగిపట్టెడ మెష్‌డోర్, తిరుపతి:

ఊడింది అన్నా! పక్కింటాయన కరెంటు డ్రిల్లు అడిగి తెచ్చా. సాల్డరింగ్ ఐరన్ ఆనిస్తే కాసేపటికి కాలిన ప్లాస్టిక్ లాంటి వాసన వచ్చింది. ఆ వేడి మీదే 5 ఎంఎం బిట్టు దించా. రెండు మూడు చుట్లు ఇనప రజను లేచింది, తరవాత కిర్రుమని బిట్టు కరుచుకుంది. ఆపి వెనక్కి లాగితే స్క్రూ బిట్టు కొసకే వేలాడుతోంది. మర మీద నీలం జిగురు పొరలు పొరలుగా ఉంది. ఎడమవైపు తిప్పి తిప్పి నేను ఎంత బిగించానో అప్పుడు తెలిసింది.

ఎల్లెన్ కీలు నా దగ్గర 6 దాకానే ఉన్నాయి, 10ది బైకు మెకానిక్ దగ్గర తెచ్చా. మొదటి దెబ్బకి కీ జారి బొటనవేలికి తగిలింది. పళ్ళలో ఒకటి వెనకబడుతుందని చెప్పాను కదా, అందుకని కీని కొంచెం తిప్పి మళ్ళీ బిగించా. మూడో దెబ్బకి చక్కు సీసా మూత లాగా వదిలింది.

ఇప్పుడు అసలు కథ. డ్రిల్లుది 3/8-24, నేను తెచ్చింది 1/2-20. నువ్వు ముందే అడిగావు, నేను చూసుకోలేదు. షాపాయన మార్చి ఇచ్చాడు, పుణ్యాత్ముడు. ఎదురు మర స్క్రూ మాత్రం ఆయన దగ్గర లేదు. అది లేకుండా బిగించేస్తే ఏమవుతుంది?

గుజ్జు ఫ్యాక్టరీ ఫిట్టర్, చిత్తూరు:

ముందుకి తిప్పినంతసేపు ఏమీ కాదు, పనికి పనికి చక్కు ఇంకా బిగుస్తుంది. రివర్స్ మాత్రం ముట్టుకోవద్దు, చక్కు చేతిలోకి వస్తుంది. పవర్ టూల్స్ రిపేరు చేసే షాపులో అడుగు, పాత డ్రిల్లులోంచి తీసిన స్క్రూ ఉంటే ఇస్తారు. పొడవు, లావు సరిపోవాలి, నీ పాతది చూపించేదానికి జేబులో పెట్టుకుపో.

బైరాగిపట్టెడ మెష్‌డోర్, తిరుపతి:

సరే అన్నా. శుక్రవారానికి రివర్స్ లేకుండానే పోతున్నా. తప్పు పడిన స్క్రూలు విప్పేదానికి చేతి డ్రైవర్ ఒకటి సంచిలో వేసుకున్నా. బొటనవేలికి గుడ్డ చుట్టుకుని 22 కిటికీలు.