ఢిల్లీలో పదేళ్ల డీజిల్ కారు, నా బండి నా ఇష్టం కాదా?

డీజిల్_బాబాయ్: నోయిడాలో ఉంటున్నా, 2014 మోడల్ డీజిల్, తిరిగింది 62 వేల కిలోమీటర్లే, పొల్యూషన్ సర్టిఫికెట్ ప్రతిసారీ పాస్, పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుద్ది. అయినా పదేళ్లు దాటింది కాబట్టి పనికిరాదంట! పొగ చూడాలి గానీ పుట్టినరోజు చూసేదేంటండీ? అమ్మేయనా, ఉంచుకోనా?

గుంటూరోడు: కరెక్టే బాబాయ్. పక్కింటాయన ఏడాదికోసారి పెద్ద ఎస్‌యూవీ మారుస్తాడు, ఆయన్ని ఎవరూ అడగరు.

రవ్వదోశ: నవంబర్‌లో ఒక్కసారి మా అపార్ట్‌మెంట్ బాల్కనీకి రండి సార్, ఎదురు బిల్డింగ్ కనపడదు, మా పాపకి నెబ్యులైజర్ పెట్టని వారం లేదు. కారు మీ ఇష్టమే, గాలి మాత్రం అందరిదీ కదా. వయసు లెక్క మొరటుగా ఉందని మాత్రం ఒప్పుకుంటా.

పాతబండి: కంగారుపడి తుక్కుకి ఇవ్వకండి. ఢిల్లీ, చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగొద్దని 2015లో ఎన్జీటీ (పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది, 2025 జులై 1 నుంచి ఢిల్లీ బంకుల్లో అలాంటి పాత బండ్లకి ఆయిల్ కొట్టొద్దన్నారు, గొడవయ్యేసరికి రెండ్రోజుల్లోనే వెనక్కి తగ్గారు. ఆగస్టులో వయసు ఒక్కటే చూసి చర్యలొద్దని కోర్టు ఆపింది, డిసెంబర్‌లో ఆ రక్షణ బీఎస్-4 (బండి పొగకి ప్రభుత్వం పెట్టిన ప్రమాణం), ఆపైవాటికే అంది. ఢిల్లీ చుట్టుపక్కల 2010 నుంచే బీఎస్-4 కాబట్టి మీది అదే అయ్యుంటది, ఆర్సీలో చూస్కోండి.

డీజిల్_బాబాయ్: చూశా, బీఎస్-4 అనే ఉంది. హైదరాబాద్ తెచ్చుకుందామంటే ఇక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), అక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్... ప్రస్తుతానికి బ్యాటరీ మార్పించి ఉంచుకుంటా.