వరి పొలంలో ఎలుకలను పట్టే బుట్టలు పెట్టడం ఎట్లా మొదలుపెట్టాలి?

నర్సంపేట దగ్గర రెండెకరాల వరి. ఇంకా పొట్టకు రాలేదు, అప్పుడే గట్ల వెంబడి పిలకలు కొరికి పడేస్తున్నాయి. కోళ్లు, కుక్కలు తిరుగుతుంటాయి కాబట్టి మందు పెట్టాలంటే భయం. బుట్టలు ఎప్పుడూ పెట్టలేదు, చెప్పండన్నా.

జవాబు: ముందు బొక్కలు చూడు తమ్మీ. సాయంత్రం గట్టు మీద కనిపించిన ప్రతి బొక్కనూ మట్టితో మూసెయ్, తెల్లారి వెళ్తే ఏవి మళ్లీ తెరిచి, ముందర కొత్త మట్టి పోసి ఉన్నాయో వాటిలోనే ఎలుక ఉన్నట్టు. బుట్ట అక్కడే, అది నడిచే దారిలో పెట్టు. ఎండుచేప ముక్క వాసనకు బాగా వస్తాయి.

జవాబు: ఇప్పుడే పట్టాలి. గింజ పట్టాక తిండి పొలంలోనే దొరుకుతుంది, ఎర ముట్టవు. పక్క పొలాలవాళ్లతో మాట్లాడి అందరూ ఒకేసారి పెట్టండి, నువ్వొక్కడివే పెడితే అక్కడివి ఇటొస్తాయి. గట్లు కూడా సన్నగా చెక్కించు, వెడల్పు గట్టులోనే బొక్కలు ఎక్కువ.

జవాబు: పడ్డ ఎలుకను ఉత్త చేతులతో ముట్టుకోకు తమ్ముడూ. దాని మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు, కాళ్లకు పగుళ్లుంటే మడి నీళ్లలోంచి కూడా. తర్వాత జ్వరమొస్తే డాక్టరుకు ఎలుకల సంగతి తప్పకుండా చెప్పు.