తేలికపాటి ఆస్తమాకి సాల్‌బుటమాల్ ఒక్కటే రాయడం ఇంకా సరైనదేనా?

మండల_వైద్యం:
నెలకి రెండు మూడుసార్లు పిల్లికూతలు, మిగతా రోజుల్లో ఏ ఇబ్బందీ ఉండదు. ఇలాంటి పెద్దవాళ్ళకి "ఆయాసం వస్తే రెండు పఫ్‌లు పీల్చండి" అని సాల్‌బుటమాల్ (వెంటనే ఉపశమనం ఇచ్చే ఇన్‌హేలర్ మందు) ఒక్కటే రాసివ్వడం మన దగ్గర ఇంకా నడుస్తోంది. పన్నెండేళ్ళు దాటినవాళ్ళకి అలా ఇవ్వొద్దని జినా (ఆస్తమా మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం) మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి. వాపు తగ్గించే స్టెరాయిడ్ బ్యుడెసోనైడ్, శ్వాసనాళాన్ని తెరిచే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌నే అవసరమైనప్పుడు పీల్చమంటున్నాయి. మన ఊళ్ళలో ఇది కుదిరే పనేనా? దానికంటే రోజూ కొద్ది మోతాదు స్టెరాయిడ్ ఇస్తే సరిపోదా?

ఊపిరి_వార్డు:
సాల్‌బుటమాల్ ఒక్కటే ఇవ్వడం మానేయాల్సిందే. అది బిగుసుకున్న శ్వాసనాళపు కండరాన్ని వదులు చేస్తుంది, లోపలి వాపును ముట్టుకోదు. ఉపశమనం వెంటనే దొరుకుతుంది కాబట్టి జబ్బు తగ్గిందని రోగి నమ్ముతాడు, వాపు మాత్రం పెరుగుతూ పోతుంది. పైగా రోజూ వాడేకొద్దీ ఆ మందు పనిచేసే చోట్లు, అంటే బీటా గ్రాహకాలు, మొద్దుబారి మందు పట్టు తగ్గుతుంది. ఏడాదికి 200 పఫ్‌ల డబ్బాలు మూడు ఖాళీ చేసేవారికి తీవ్రమైన దాడుల ముప్పు ఎక్కువ. పన్నెండు దాటితే ప్రాణాపాయం కూడా పెరుగుతుంది.

ఫార్మోటెరాల్ రెండు మూడు నిమిషాల్లో పని మొదలుపెడుతుంది. దాంతోపాటే స్టెరాయిడ్ కూడా లోపలికి వెళుతుంది. 2018లో వచ్చిన సిగ్మా-1 అధ్యయనంలో, ఉపశమన మందు ఒక్కటే వాడినవారితో పోలిస్తే ఈ కలయిక వాడినవారికి తీవ్రమైన దాడులు 64 శాతం తగ్గాయి.

లెక్క_తేల్చండి:
ఆ అధ్యయనంలోనే ఇంకో అంకె ఉంది, దాన్నీ చెప్పండి. ఆస్తమా బాగా అదుపులో ఉన్న వారాలు, రోజూ బ్యుడెసోనైడ్ వాడినవారిలో 44.4 శాతం, అవసరానికి కలయిక వాడినవారిలో 34.4 శాతం. రోజువారీ ఇబ్బంది తగ్గాలంటే రోజూ వాడే మందే మేలు. అదీకాక ఆ అధ్యయనాలన్నీ టర్బుహేలర్‌తో (పొడి మందు లోపలే ఉండే పరికరం) చేసినవి. మన దగ్గర చాలామంది వాడేది రొటాక్యాప్ (పొడి మందు క్యాప్సూల్). ఆయాసంలో చేతులు వణుకుతుంటే క్యాప్సూల్ తీసి, పరికరంలో పెట్టి, తిప్పి, బలంగా పీల్చడం అయ్యే పనేనా?

నా అసలు అభ్యంతరం రోగనిర్ధారణ మీద. పరీక్షే లేకుండా "ఆస్తమా" అని రాసిన చీటీలు ఎన్నో. వాటిలో కట్టెలపొయ్యి పొగతోనో బీడీలతోనో వచ్చిన సీఓపీడీ (శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకయ్యే జబ్బు) ఉంటుంది, రాత్రిళ్ళు పడుకుంటే ఆయాసం తెచ్చే గుండె జబ్బు ఉంటుంది. రెండు వారాలు దాటిన దగ్గుకి క్షయ ఉందేమో చూసే కఫం పరీక్ష చేయించకుండా ఇన్‌హేలర్ ఇవ్వడం ఇంకా ఘోరం.

ఊపిరి_వార్డు:
నిర్ధారణ విషయంలో మీతో ఏకీభవిస్తాను. స్పైరోమెట్రీలో (ఊపిరి కొలిచే పరీక్ష) మొదటి ఊదుడు తర్వాత స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) నాలుగు పఫ్‌ల సాల్‌బుటమాల్, అంటే 400 మైక్రోగ్రాములు ఇచ్చి, 10-15 నిమిషాలాగి మళ్ళీ ఊదించాలి. ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో బయటికి ఊదే గాలి) కనీసం 12 శాతం, 200 మిల్లీలీటర్లు, ఈ రెండూ పెరగాలి. 1.50 లీటర్ల నుంచి 1.75కి వస్తే లెక్కకి వస్తుంది. పొద్దున్నే సాల్‌బుటమాల్ పీల్చి వచ్చినవారికి చేస్తే ఫలితం తప్పుతుంది, నాలుగు గంటల విరామం కావాలి. ఏ ఇబ్బందీ లేని రోజున చేసిన పరీక్ష మామూలుగా వచ్చినా ఆస్తమా లేదని కాదు. వయ్యారిభామ పూసే రోజుల్లోనే ఇబ్బంది పడేవారికి అప్పుడే మళ్ళీ చేయాలి. స్పైరోమీటర్ లేనిచోట పీక్ ఫ్లో మీటర్ (ఊదే వేగం కొలిచే చిన్న పరికరం) ఇచ్చి రెండు వారాలు ఉదయం, సాయంత్రం మూడేసిసార్లు ఊది ఎక్కువ వచ్చిన అంకె రాయమనండి. రోజువారీ హెచ్చుతగ్గులు సగటున 10 శాతం దాటితే ఆస్తమా వైపు మొగ్గాలి.

అదుపు శాతాల్లో తేడా ఉన్నమాట నిజం. కానీ దాడుల సంఖ్యలో రెండు పద్ధతులూ సమానంగానే నిలిచాయి. అదే తరహా అధ్యయనం సిగ్మా-2లో రోజూ వాడినవారికి రోజుకి దాదాపు 267 మైక్రోగ్రాముల స్టెరాయిడ్ వెళితే, అవసరానికి వాడినవారికి 66 మాత్రమే. అధ్యయనంలో గుర్తుచేస్తూ ఉంటారు కనుక రోజూ వాడారు. బయట పది రోజులు హాయిగా గడిస్తే స్టెరాయిడ్ డబ్బా అటకెక్కి, చేతిలో సాల్‌బుటమాల్ ఒక్కటే మిగులుతుంది. నా భయం అదే.

మందుల_కౌంటర్:
చీటీలో ఏముందన్నది ఎంత ముఖ్యమో, షాపులో ఏం చేతికొస్తుందన్నదీ అంతే. ఫార్మోటెరాల్ కలయిక దొరక్క సాల్మెటెరాల్ కలయిక అంటగట్టే చోట్లున్నాయి. సాల్మెటెరాల్ నెమ్మదిగా పనిచేస్తుంది, దాన్ని ఉపశమనానికి వాడకూడదు. రెండో పొరపాటు బలంలో. అవసరానికి వాడాల్సింది 200/6 (పఫ్‌కి 200 మైక్రోగ్రాముల బ్యుడెసోనైడ్, 6 ఫార్మోటెరాల్). ఒక పఫ్, కొన్ని నిమిషాల్లో తగ్గకపోతే ఇంకొకటి, రోజు మొత్తానికి పరిమితి 12. అదే లెక్కన 400/6 వాడితే స్టెరాయిడే 4,800 మైక్రోగ్రాములు అవుతుంది.

పఫ్ ఇన్‌హేలర్‌ని నెమ్మదిగా నాలుగైదు సెకన్లు పీల్చాలి, రొటాక్యాప్ పెట్టి పీల్చే రొటాహేలర్‌ని వేగంగా, గట్టిగా. ఒకదాని పద్ధతి ఇంకోదానికి వాడితే మందు గొంతులోనే ఆగిపోతుంది. తర్వాత పది సెకన్లు ఊపిరి బిగపట్టాలి, చివర్లో నీళ్ళు పుక్కిలించి ఉమ్మాలి. రొటాక్యాప్‌లు చెమ్మకి పాడవుతాయి, ముందే తీసి జేబులో వేసుకోవద్దు. ఆయాసంలో ఇబ్బంది అన్నారు కదా, అలాంటివారికి పఫ్, స్పేసర్ ఇవ్వండి. స్పేసర్‌ని సబ్బునీళ్ళలో కడిగి గాలికే ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే స్థిరవిద్యుత్తు పుట్టి మందు గోడలకి అంటుకుపోతుంది.

పిల్లల_ఛాతీ:
దయచేసి ఈ 12 పఫ్‌ల లెక్క చిన్నపిల్లలకి దించకండి. 6-11 ఏళ్ళవారికి తేలికపాటి దశలో సాల్‌బుటమాల్ తీసుకున్న ప్రతిసారీ కొద్ది మోతాదు స్టెరాయిడ్, లేదా రోజూ కొద్ది మోతాదు. ఐదేళ్ళలోపు వారి ఉపశమన మందు సాల్‌బుటమాలే, మాస్క్ ఉన్న స్పేసర్‌తో ఇవ్వాలి. తరచూ వస్తుంటే రోజువారీ స్టెరాయిడ్ కలపాలి. సాల్‌బుటమాల్ సిరప్ ఏ వయసుకీ మంచి ఎంపిక కాదు. ఆలస్యంగా పనిచేస్తుంది, గుండెదడ, వణుకు ఎక్కువ.

మండల_వైద్యం:
ఫార్మోటెరాల్ కలయిక అందని చోట, విడివిడిగా సాల్‌బుటమాల్, బ్యుడెసోనైడ్ మాత్రమే ఉంటే?

ఊపిరి_వార్డు:
రెండూ కలిపే వాడించండి. సాల్‌బుటమాల్ పీల్చిన ప్రతిసారీ వెంటనే బ్యుడెసోనైడ్ కూడా. రెండు డబ్బాలనీ రబ్బరు బ్యాండుతో కలిపి కట్టి ఇవ్వండి.

లెక్క_తేల్చండి:
ఇది ఒప్పుకుంటాను. వారంలో చాలా రోజులు ఇబ్బంది పడేవారికి, రాత్రి ఆయాసంతో నిద్రలేచేవారికి మాత్రం రోజూ వాడే మందు తప్పదనే అంటాను. చీటీ మీద మందు పేరొక్కటే కాదు, ఇవి కూడా తెలుగులో రాయండి: ఒక్కోసారి ఎన్ని పఫ్‌లు, రోజుకి ఎన్ని దాటకూడదు. మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పెదాలు నీలిరంగుకి తిరగడం కనిపిస్తే ఆసుపత్రికి బయల్దేరాలి. దారిలో స్పేసర్‌తో సాల్‌బుటమాల్ నాలుగు నుంచి పది పఫ్‌లు, ఒక్కొక్కటిగా, ఇరవై నిమిషాలకోసారి.