ఎండాకాలం క్రోషే, చలికాలం ఊలు: చిన్న స్టూడియోలో బ్యాచ్‌లు ఎలా వేసుకోవాలి?

ఎనిమిది_కుర్చీలు

నమస్కారమండి. హైదరాబాద్‌లో చిన్న అల్లికల స్టూడియో. ఒకటే గది, ఎనిమిది కుర్చీలు, నేర్పేది ఒక్కరే. ఏడాదికి నాలుగు బ్యాచ్‌లు అనుకుంటున్నాం: వేసవి సెలవుల్లో పిల్లలకి క్రోషే (ఒకే కొక్కెంతో అల్లేది), శ్రావణంలో రాఖీలు, దసరా ముందు గుమ్మం తోరణాలు, నవంబరు నుంచి సంక్రాంతి దాకా పెద్దవాళ్లకి ఊలు అల్లిక, అంటే రెండు సూదుల నిట్టింగ్.

అడగాల్సినవి ఇవీ. ఏ కాలానికి ఏ దారం తీసుకోవాలి, మనిషికి ఎన్ని గ్రాములు లెక్క వేయాలి? క్రోషేలో కొత్తవాళ్ల చతురస్రం పది వరసలయ్యేసరికి త్రికోణం అయిపోతుంది. నిట్టింగ్‌లో దానికి రివర్స్: 24 కుట్లతో మొదలుపెడితే 30 దాటుతాయి. వీటిని క్లాసులో తొందరగా పట్టుకునే పద్ధతి ఏమైనా ఉందా? ఇంకొకటి, ప్యాటర్న్‌లో 8 నంబరు సూదులు అని ఉంటే షాపులో 8 నంబరు కొంటున్నారు, కొలత మాత్రం రావడం లేదు. ఎందుకు?

పిన్నీసు_డబ్బా

వేసవి బ్యాచ్‌కి నూలు దారమే తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో చేతులు చెమర్చి అక్రిలిక్ దారం వేళ్లకి అంటుకుంటుంది, కొక్కెం మీద సాఫీగా జారదు. పిల్లలు విసుక్కుని ఇంకా బిగించి లాగుతారు. కాస్త లావు నూలు దారం, 4 మి.మీ. కొక్కెం చాలు. రంగు లేతగా ఉండాలి: పసుపు, లేత ఆకుపచ్చ, లేత గోధుమ. నలుపు, ముదురు నీలం అయితే కుట్టు కనపడదు, కనపడని కుట్టుని లెక్కపెట్టలేరు. నూగు ఉన్న దారం మొదటి నెలలో అసలొద్దు. అందులో తప్పు జరిగితే విప్పడం పెద్దవాళ్ల వల్ల కూడా కాదు.

16 చైన్లు (మొదలుపెట్టే గొలుసు కుట్లు), తిరిగి వచ్చేటప్పుడు 15 సింగిల్ క్రోషేలు (పొట్టి కుట్లు), సుమారు 17 వరసలు: పది సెంటీమీటర్ల గ్లాసు మ్యాట్ వస్తుంది. 15 గ్రాములు మించదు. ఇలాంటివి రెండు, ఒక గుండ్రటి మ్యాట్, ఒక చిల్లర సంచి కలిపి పిల్లకి 100 గ్రాములు ఇస్తే విప్పి అల్లిన వృథాతో సహా సరిపోతుంది. అందరికీ కావాల్సిన దారం ఒకేసారి, ఒకే లాట్ నంబరులో (ఒకే విడతలో రంగు వేసినది) కొనండి. తర్వాత తెచ్చిన ఉండ పక్కన పెడితే తేడా ట్యూబ్‌లైట్ కింద తెలియదు, ఎండలో తెలుస్తుంది.

చైన్ బిగుసుకుపోవడం అందరికీ ఉన్నదే. "వదులుగా అల్లమ్మా" అని వందసార్లు చెప్పినా లాభం లేదు. చైన్ వరకు 5 మి.మీ. కొక్కెం ఇచ్చి, మొదటి వరస నుంచి 4 చేతికివ్వండి. అంతే.

ఇక త్రికోణం సంగతి. సింగిల్ క్రోషేలో వరస చివర 1 చైన్ వేసి తిప్పుతాం. ఆ చైన్ కుట్టు కింద లెక్క కాదు, కాబట్టి మొదటి కుట్టు దాని మొదట్లోనే పడాలి. డబుల్ క్రోషేలో (పొడుగు కుట్టు) తిరిగేటప్పుడు వేసే 3 చైన్లు మాత్రం ఒక కుట్టు కింద లెక్క. అందుకని తర్వాతి కుట్టు రెండో దాంట్లో పడాలి, వరస చివర కింది వరస 3 చైన్ల నెత్తి మీద ఒక కుట్టు వేయాలి. పిల్లలు ఈ చివరి కుట్టుని వదిలేస్తారు. అది పక్కకి వాలి, పొట్టిగా, చైన్ లాగే కనిపిస్తుంది కాబట్టి కుట్టు అనుకోరు. వరసకి ఒకటి చొప్పున పోతే పది వరసలకి పది కుట్లు పోయినట్టే.

మందు పిన్నీసు. ప్రతి వరసలో మొదటి కుట్టుకి ఒకటి, చివరి కుట్టుకి ఒకటి తగిలించాలి. తిరిగి వచ్చినప్పుడు పిన్నీసు ఉన్న కుట్టులో కొక్కెం దూర్చేదాకా వరస పూర్తయినట్టు కాదు. నాలుగు వరసల తర్వాత పిన్నీసులు తీసేయనివ్వండి, అప్పటికి కన్ను అలవాటు పడుతుంది.

గుండ్రం నేర్పేటప్పుడు ఎక్కాలు వాడుకోండి. సింగిల్ క్రోషేలో మొదటి చుట్టు 6, తర్వాత 12, 18, 24, అంటే ఆరో ఎక్కం. డబుల్ క్రోషే అయితే పన్నెండో ఎక్కం. ఐదో చుట్టులో 30 ఉండాల్సిన చోట 27 ఉంటే అంచులు పైకి లేచి గిన్నె అవుతుంది, 34 ఉంటే అప్పడంలా అలలు తిరుగుతుంది. ఒక మ్యాట్‌ని బల్ల మీద పరిచి చూపిస్తే పిల్లలే లెక్క చెబుతారు. పెంచే కుట్లు ప్రతి చుట్టులో ఒకదాని నెత్తిన ఒకటి పడితే గుండ్రం పోయి ఆరు మూలలు తేలతాయి. చుట్టు మార్చినప్పుడల్లా పెంచే చోటుని రెండు మూడు కుట్లు జరపాలి.

ఎనిమిది కుర్చీలు ఉన్నాయని ఎనిమిది మందిని తీసుకోవద్దు. పిల్లలైతే ఆరుగురు. మిగిలిన రెండు కుర్చీల్లో తల్లులు కూర్చుంటారు ఎలాగూ.

ముదురు_ఊలు

పైన చెప్పినవన్నీ సరే. నిట్టింగ్ గురించి నేను చెబుతాను.

కుట్లు పెరగడానికి కారణాలు రెండే. ఎక్కడ పెరిగిందో చూస్తే ఏదో తెలిసిపోతుంది. అంచులో పెరిగితే: వరస తిప్పాక దారాన్ని వెనక్కి తీయడానికి సూది మీదుగా లాగేస్తారు. దాంతో మొదటి కుట్టు పైకి లేచి, దాని రెండు కాళ్లూ రెండు కుట్లలా కనపడతాయి, రెండింటినీ అల్లేస్తారు. తిప్పగానే దారాన్ని సూది కిందికి లాగి, ఆ తర్వాత వెనక్కి తీసుకెళ్లమనండి. మధ్యలో పెరిగి, ఆ కుట్టు కింద చిన్న కన్నం ఉంటే: నిట్ కుట్టు (మామూలు సూటి కుట్టు) వేసేటప్పుడు దారం ముందు వైపు ఉండిపోయింది, సూది మీద అదనపు చుట్టు పడింది. తర్వాతి వరసలో ఆ చుట్టుని అల్లకుండా జార్చేస్తే కన్నం మూసుకుపోతుంది. మొత్తం విప్పక్కర్లేదు.

మొదటి వస్తువుగా మఫ్లర్ పెట్టకండి. అందరూ అదే పెడతారు, అదే సగంలో ఆగిపోతుంది. 15 సెం.మీ. వెడల్పు, 150 సెం.మీ. పొడవు అంటే 150 నుంచి 180 గ్రాముల ఊలు, ఒకే కుట్టు, మధ్యలో కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు. టోపీ పెట్టండి. 100 గ్రాముల ఉండ ఒకటి కొంటే ఇంకా మిగులుతుంది, అందులోనే రిబ్ (సాగే చారల అంచు), ప్లెయిన్ (నునుపు అల్లిక), తగ్గించడం, కుట్టడం నాలుగూ వస్తాయి.

లెక్క ఇదీ. తల చుట్టుకొలత 55 సెం.మీ. అయితే టోపీ పదో వంతు తక్కువ, అంటే 50 సెం.మీ. దగ్గర ఉండాలి, లేకపోతే తల మీద నిలవదు. 5 మి.మీ. సూదుల మీద 10 సెం.మీ.కి 18 కుట్లు వచ్చే ఊలయితే 90 కుట్లు. రెండు నిట్, రెండు పర్ల్ (నిట్‌కి తిరగేసిన కుట్టు) రిబ్‌కి నాలుగుతో భాగించబడాలి కాబట్టి 88, చివర కలిపి కుట్టడానికి చెరో వైపు ఒకటి కలిపి మళ్లీ 90. రిబ్ 5 సెం.మీ., ఆపైన ప్లెయిన్, మొత్తం 15 సెం.మీ. అయ్యేదాకా. తర్వాత అంచు కుట్లు రెండూ వదిలేసి మిగతా 88ని పదకొండేసి చొప్పున ఎనిమిది భాగాలు అనుకోండి. 9 అల్లి రెండు కలపడం, తిరిగి వచ్చే వరస మామూలు పర్ల్. తర్వాత 8 అల్లి రెండు కలపడం, అలా. ఇలా తొమ్మిది సార్లు తగ్గిస్తే 18 మిగులుతాయి. అర మీటరు దారం ఉంచి కత్తిరించి, మొద్దు సూదితో ఆ 18లోంచి లాగి బిగించి, అదే దారంతో పక్క కుట్టేయాలి.

గుండ్రటి సూదుల మీద చేయించాలనే ఆశ మొదటి బ్యాచ్‌లో వద్దు. కలిపేటప్పుడు కుట్లు ఒక మెలిక తిరిగితే, రెండు మూడు చుట్ల తర్వాత చూసుకుంటే చేసేదేమీ లేదు, మొత్తం విప్పాల్సిందే.

కుట్లు ఎక్కించడానికి ఎంత దారం వదలాలో తెలియక 80వ కుట్టు దగ్గర తోక అయిపోవడం ఇంకో తంతు. సూది చుట్టూ దారాన్ని 10 సార్లు చుట్టి, ఆ ముక్క పొడవుని తొమ్మిదితో గుణించి, మీద ఒక జానెడు వదలమనండి.

సూదులు వెదురువి ఇవ్వండి. లోహపు సూదుల మీద కుట్లు జారిపోతాయి, కొత్తవాళ్ల చేతులకి ఆ వేగం అక్కర్లేదు.

న్యూజెర్సీ_దారపుండ

సూది నంబరు గొడవకి కారణం: మన షాపుల్లో అమ్మే సూదులకి పాత బ్రిటిష్ నంబర్లు. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా నంబర్లు దానికి ఎదురు, పెరిగేకొద్దీ లావు. బ్రిటిష్ 8 అంటే 4 మి.మీ., అమెరికా 8 అంటే 5 మి.మీ. రెండూ 8 కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. క్లాసులో నంబరు అనే మాటే వాడకండి, మిల్లీమీటర్లే చెప్పండి. కన్నాలున్న కొలత పలక ఒకటి గోడకి వేలాడదీస్తే ఇంట్లో పాత సూదులు తెచ్చుకునేవాళ్లు కూడా కొలుచుకుంటారు.

క్రోషే పేర్లకీ ఇదే బాధ. అమెరికా సింగిల్ క్రోషే బ్రిటిష్ వాళ్లకి డబుల్, అమెరికా డబుల్ వాళ్లకి ట్రెబుల్. ప్యాటర్న్‌లో సింగిల్ క్రోషే అనే మాట ఎక్కడైనా కనిపిస్తే అది అమెరికా లెక్క, ఎందుకంటే బ్రిటిష్ లెక్కలో సింగిల్ క్రోషే వాడరు.

ఎడమచేతి వాటం పిల్లలు ఉంటే పక్కన కూర్చోబెట్టుకోకండి, ఎదురుగా కూర్చోబెట్టండి. అద్దంలో చూసినట్టు అనుసరిస్తారు.

పాలకొల్లు_సన్నదారం

నరసాపురం, పాలకొల్లు వైపు లేసు కూడా క్రోషేయే. 19వ శతాబ్దంలో మిషనరీలతో వచ్చి గోదావరి జిల్లాల్లో ఇంటింటి పని అయింది. నరసాపురం క్రోషే లేసుకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. మీ వేసవి బ్యాచ్‌లో పెద్దవాళ్లు ఉంటే లేసు ఒక వారం పెట్టొచ్చు. మొదటి వారం మాత్రం కాదు. 20 నంబరు దారం, 1.25 మి.మీ. ఉక్కు కొక్కెం. 40 నంబరు ఇంకా సన్నం, అది చేయి తిరిగాకే. దారాన్ని ఎడమచేతి చూపుడు వేలికి రెండు చుట్లు చుట్టుకుంటేనే బిగువు నిలుస్తుంది. కొక్కెం మొన గుచ్చుకునే చోట, మధ్య వేలి మీద, చిన్న అతుకు ప్లాస్టర్ వేసుకోమనండి.

లేసు అల్లిక అయిపోగానే అందంగా ఉండదు, ముడతలు పడి ముద్దలా ఉంటుంది. కంగారు పడక్కర్లేదు. ఉతికి, తడిగా ఉన్నప్పుడే థర్మాకోల్ మీద తెల్ల గుడ్డ పరిచి, తుప్పు పట్టని గుండుసూదులతో ముందు నాలుగు వైపులా, తర్వాత వాటి మధ్యన లాగి గుచ్చాలి. గట్టిగా నిలబడాలంటే పల్చటి సగ్గుబియ్యం గంజిలో ముంచి, పిండి, అప్పుడు గుచ్చండి. గంజి చిక్కగా ఉంటే ఆరాక కన్నాల్లో తెల్ల పొర కడుతుంది. దాచిపెట్టే లేసుకి గంజి పెట్టకండి, వెండి పురుగులు దానికోసమే వస్తాయి.

ఈ పని వానాకాలంలో పెట్టుకోవద్దు. నూలు రెండు రోజులైనా ఆరక ముక్క వాసన వస్తుంది. శ్రావణంలో మీరు అనుకున్న రాఖీలే మేలు: రెండు చుట్ల పువ్వు, చెరో వైపు ఒక జానెడు చైన్, తడపాల్సిన పనే లేదు, ఒక్క పూటలో అయిపోతుంది.

ఎనిమిది_కుర్చీలు

అందరికీ ధన్యవాదాలండి. టోపీ లెక్క రాసి పెట్టుకున్నాం. తోరణం ఒకటి మిగిలింది. ముందు ఒక నమూనా అల్లి గుమ్మానికి కట్టాం. నాలుగు రోజులకి మధ్యలో కిందికి సాగి గడప దాటేవాళ్ల తలకి తగులుతోంది. ఎర్ర దారం రంగు కూడా గోడకి అంటింది. నూలు దారం కాబట్టేనా? మనిషికి ఎన్ని గ్రాములు వేసుకోవాలి?

పిన్నీసు_డబ్బా

సాగింది పూల బరువుకి. నూలుకి స్థితిస్థాపకత లేదు, ఒకసారి సాగితే వెనక్కి రాదు. అందులోనూ చైన్ మీద ఆధారపడిన పట్టీ అంటే సాగడానికే పుట్టింది. పై పట్టీకి చైన్ వేయకండి. ధ్వజస్తంభం తాడంత లావు అక్కర్లేదు, చెప్పుల లేసంత అల్లిక తాడు గుమ్మం కంటే 30 సెం.మీ. పొడవు తీసుకుని, దాన్ని లోపల పెట్టి దాని మీదుగా సింగిల్ క్రోషేలు వేయండి. బరువు తాడు మోస్తుంది. అప్పుడు కూడా 90 సెం.మీ. గుమ్మానికి రెండు మేకులు చాలవు, నాలుగు ఉండాలి.

గుమ్మానికి వేలాడే వాటికి అక్రిలిక్ వాడండి. నూలు కంటే తేలిక, ఎండకి రంగు తొందరగా వెలవదు. వేసవిలో వద్దన్నది చేతి చెమట వల్ల, దసరా నాటికి ఆ బాధ తగ్గుతుంది. రంగు పోతుందో లేదో కొనకముందే చూడొచ్చు: జానెడు ముక్క తడిపి తెల్ల గుడ్డ మడతలో పెట్టి అరగంట బరువు పెట్టండి. ఎరుపు, మెరూన్ రెండింటికీ తప్పనిసరి.

బంతిపువ్వుకి 40 చైన్లు వేసి, ప్రతి చైన్‌లో మూడేసి డబుల్ క్రోషేలు. పట్టీ తనంతట తనే మెలి తిరుగుతుంది. దాన్ని చుట్టచుట్టి అడుగున నాలుగు కుట్లు వేస్తే బంతిపువ్వు. అడుగు కుట్టు పైపైన వేస్తే రెండో పండక్కి మధ్యభాగం బయటికి ఊడుతుంది, సూది అన్ని మడతల్లోంచీ పోవాలి.

గ్రాములు నేను చెప్పినా మీ దారానికి కుదరదు. ఒక పువ్వు, ఒక మామిడాకు అల్లి వంటింటి తూకం మీద పెట్టండి. గుమ్మానికి ఎన్ని పూలు, ఎన్ని ఆకులో అంతతో గుణించి, పదో వంతు కలపండి. ఆకుపచ్చ మాత్రం ఇంకో ఉండ ఎక్కువ కొనండి. తోరణంలో అందరికీ ముందు అయిపోయేది అదే.