స్కాఫోల్డ్‌కి తెలుగు మాట: సారువా, పందిరా?

మా అమ్మాయి ఇక్కడ చెన్నైలోనే మృదులాస్థి మీద పరిశోధన చేస్తోంది. నెల్లూరు నుంచి వచ్చిన మా అమ్మ "రోజంతా ఏం చేస్తావే?" అని అడిగితే "స్కాఫోల్డ్‌లో స్టెమ్ సెల్స్ పెంచుతాను అమ్మమ్మా" అంది.

మృదులాస్థికి ఇబ్బంది లేదు. మోకాలి గుజ్జు అంటే అమ్మకి బాగా తెలుసు, ఆవిడకి అరిగిందే అది. స్టెమ్ సెల్స్, అంటే మూలకణాలు, ఏ కణంగా మారాలో ఇంకా తేల్చుకోని కణాలని చెప్పాం. కణాలు పెరగడానికి ఆసరాగా ఇచ్చే, సన్నటి రంధ్రాలున్న చట్రం స్కాఫోల్డ్. దానికి తెలుగు మాట దగ్గర మాత్రం ఆగిపోయాం.

భవనాల పనిలో దీన్ని సారువ అంటాం, పరంజా అంటాం. మా పక్క అపార్ట్‌మెంట్‌కి రంగులు వేస్తున్నారు. అక్కడ కట్టిన కర్రల్ని తమిళ మేస్త్రీ సారం అంటాడు. మన సారువకి దగ్గరి చుట్టంలాగే వినిపిస్తుంది. అమ్మ వాటిని చూసి "మోకాల్లో ఇలాంటివి కడతారా?" అని కంగారుపడింది.

ఆ కంగారులో న్యాయం ఉంది. సారువ గోడకి బయట ఉంటుంది. దాని మీద నిలబడ్డ మనిషికి అది పని నేర్పదు. గుజ్జు విషయంలో కణాలు స్కాఫోల్డ్ లోపలే ఉంటాయి, ఏమవ్వాలో చాలావరకు దాని స్పర్శని బట్టే తేల్చుకుంటాయి. గుజ్జు కణాల్ని చదునైన ప్లాస్టిక్ గిన్నెలో పెంచితే అవి పరుచుకుపోయి, గుజ్జుకి కావలసిన రెండో రకం కొల్లాజెన్ (గట్టి పీచులాంటి ప్రోటీన్) తగ్గించి మొదటి రకం చేయడం మొదలుపెడతాయి. వాటినే అగరోజ్ జెల్‌లో ఉంచితే మళ్లీ గుండ్రంగా మారి పాత పనికి వస్తాయని 1982లో చూపించారు. 2006లో మూలకణాల్ని వేర్వేరు బిగువు ఉన్న జెల్‌ల మీద ఉంచి చూశారు. బాగా మెత్తటి దాని మీద నరాల కణాల వైపు, కాస్త బిగువైన దాని మీద కండరం వైపు, ఇంకా గట్టి దాని మీద ఎముక వైపు మొగ్గాయి. గుజ్జు కావాలంటే కణం గుండ్రంగా ఉండనిచ్చే మెత్తటి చోటు మంచిది. టీజీఎఫ్ బీటా లాంటి ప్రోటీన్ సంకేతాలు కూడా అందాలి.

అందుకే నాకు పందిరి అనే మాట తోస్తోంది. కాకర నులితీగ పుల్లని తాకాకే కదా చుట్టుకునేది! మీరేమంటారు?

అంబత్తూరు నుంచి, సివిల్ ఇంజినీరు: అమ్మా, సారువని అంత తేలిగ్గా వదలకండి. పనయ్యాక సారువ తీసేస్తాం. మీ స్కాఫోల్డ్ కూడా పోవాలి కదా? తీగ కోసం వేసిన పందిరి ఉండిపోతుంది.

తిరుత్తణి నుంచి: మాది పాదులు పెట్టే ఇల్లండీ. పురికొస మరీ ఎడంగా కడితే నులితీగకి పట్టు అందదు, మరీ దగ్గరగా కడితే గాలి ఆడదు. అమ్మాయిగారి పందిరికీ ఇలాంటి లెక్క ఉంటుందా?

నా జవాబు: తిరుత్తణి వారికి ముందు దండం! ఆ లెక్క అచ్చంగా ఉందట. రంధ్రాలు చిన్నవైతే కణాలు లోపలికి వెళ్లలేవు, పోషకాలూ అందవు. గుజ్జులో రక్తనాళాలు ఉండవు కాబట్టి పోషకాలన్నీ ఊరుతూనే రావాలి. అది తనంతట తాను సరిగ్గా మానకపోవడానికి ఇదొక పెద్ద కారణం. రంధ్రాలు మరీ పెద్దవైతే పట్టు తగ్గుతుంది.

ఇంజినీరు గారూ, మీ మాట నాకు గట్టిగా తగిలింది. పోవడమే అసలు కిటుకు. కొత్త గుజ్జు ఊరే వేగానికి స్కాఫోల్డ్ పోయే వేగం సరిపడాలి. ముందే పోతే లేత గుజ్జు బరువు మోయలేదు, ఆలస్యమైతే అదే అడ్డం. కానీ దాన్ని ఎవరూ బయటికి తీయరు. నీటి వల్లో ఎంజైముల వల్లో ముక్కలై లోపలే పోతుంది. దీనికి 'కరుగుతుంది' అంటే పంచదార గుర్తొస్తుంది, నాకు నచ్చలేదు. అమ్మతో ఇదంతా చెబుతుంటే ఆవిడే అంది: "అన్నం అరిగినట్టు అరుగుతుందన్నమాట."

అరిగిన గుజ్జు కోసం అరిగే పందిరి! ఒకే క్రియ, ఒకచోట రాపిడి, ఇంకోచోట జీర్ణం. అమ్మాయి తన తెలుగు వ్యాసంలో 'అరిగే పందిరి' అని రాసుకుంది. పాఠకులు రెండు అర్థాలనీ కలిపేసుకుంటారేమోనని మాత్రం నాకు టెన్షన్‌గా ఉంది. 'జీర్ణమయ్యే పందిరి' అంటే శిథిలమైన పందిరి అనిపిస్తుంది. మీ ఊళ్లో ఇంకో మాట ఉంటే చెప్పండి.