ఆపరేషన్ తర్వాత హార్మోన్లు వాడినవాళ్లు కాస్త చెప్పండి

నాకు 41 ఏళ్లు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట కూడా పెరిగే జబ్బు) వల్ల మూడు నెలల క్రితం గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. పాత నొప్పి పోయింది. కానీ వారం తిరక్కుండానే అసలు గోల మొదలైంది. ఉన్నట్టుండి ఛాతీ నుంచి మొహం దాకా సెగ ఎగదన్నుతుంది. రాత్రి రెండు మూడుసార్లు దుప్పటి తన్నేసి లేచి కూర్చుంటున్నా. నిద్ర లేక చిన్న మాటకే ఏడుపొస్తోంది. కీళ్ల నొప్పులు కూడా దీనివల్లేనా? మామూలుగా మెనోపాజ్ (నెలసరి పూర్తిగా ఆగిపోవడం) 50 ఏళ్ల ప్రాంతంలో మెల్లగా వస్తుంది, నాకు ఒక్క పూటలో వచ్చిపడింది.

డాక్టరుగారు ఈస్ట్రోజన్ (అండాశయాల్లో తయారయ్యే హార్మోన్) మొదలుపెట్టమన్నారు. ఎముకలు గుల్లబారకుండా, గుండె కోసం కూడా, కనీసం 50 దాటేదాకా వాడితే మంచిదన్నారు. మా అక్కేమో రొమ్ము క్యాన్సర్ వస్తుందని ఒకటే భయపెడుతోంది. నేను చదివినంతలో, 2002లో అమెరికాలో బయటపెట్టిన పెద్ద అధ్యయనంలో ఆ రిస్కు పెరిగింది ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టరాన్ లాంటి ఇంకో హార్మోన్ కూడా కలిపి వాడినవాళ్లలో, అదీ 50 దాటినవాళ్లలో. ఈ తేడా అక్కకి ఎలా చెప్పాలో తెలియడం లేదు!

నా అసలు సందేహం వేరు. గర్భసంచి లేకపోతే ప్రొజెస్టరాన్ అక్కర్లేదంటారు. కానీ ఎండోమెట్రియోసిస్ లోపల ఎక్కడైనా మిగిలి ఉంటే కొందరు డాక్టర్లు అదీ కలిపి ఇస్తారట. మీకెవరికైనా అలా ఇచ్చారా? ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే నొప్పి తిరగబెట్టిందా?

ఇంకోటి, మా అమ్మకి కాలి నరంలో రక్తం గడ్డకట్టింది. ఈస్ట్రోజన్ మాత్రల కంటే చర్మానికి అంటించే ప్యాచ్, పూసుకునే జెల్‌తో ఆ ప్రమాదం తక్కువంటారు. ప్యాచ్ చెమటకి ఊడిపోకుండా ఉంటుందా? సెగలు ఎన్నాళ్లకి తగ్గాయి? వచ్చే వారం మళ్లీ డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నా, ఈలోగా చెప్తే అడగాల్సినవి రాసుకుంటాను.